ఎక్కువసేపు ఉంచొద్దు

మార్చి 4

తమ్ముడూ,

ఉత్తరం మొదట్లో అందరం క్షేమం అని రాయాలి కదా. నువ్వు జైల్లో, మేం బయట. ఇందులో ఎవరు క్షేమమో నాకు తెలీదు గనక ఆ వాక్యం వదిలేస్తున్నాను. బతికున్నాం. బాబాయికి దగ్గు తగ్గింది. నా కుట్టుమిషను బెల్టు తెగితే కొత్తది వేయించాను.

అసలు సంగతి. నిన్న నీ షాపు తెరిచాను. ముందే చెబితే వద్దంటావని తెరిచాక రాస్తున్నాను. నీకు శిక్ష పడిన రోజు నుంచీ మూసే ఉంది. మూడు నెలలకే షట్టరు పట్టేసింది, పక్కన తాళాలు చేసే ఆయన వచ్చి నూనె పోసి ఎత్తాడు. పోలీసులు లాగిన సొరుగులు నేలమీదే పడున్నాయి. ఊడ్చి, తుడిచి, ఎక్కడివక్కడ పెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. షాపు పోతే రెండేళ్ళ తర్వాత నువ్వొచ్చి ఎక్కడ కూర్చుంటావు? అందుకని తెరిచాను, ఇంకో కారణం ఏమీ లేదు.

బాబాయి కూడా వస్తున్నాడు. వెనక గదిలో ఆయన బల్ల ముందు కూర్చుంటాడు గానీ పని ముట్టుకోడు. సోల్డరింగ్ చేసే చెయ్యి వణుకుతోంది. పైగా మాటలు బాగా తగ్గించేశాడు.

ర్యాకులో ఏడు ల్యాప్‌టాప్‌లు మిగిలాయి. ఒక్కోదాని మీద నీ చేత్తో రాసిన చీటీ. ఒకదాని మీద "జ్వరం" అని ఉంది. ఇంకోదాని మీద "మతిమరుపు". ఇంకోటి "మెడ నొప్పి". ఇంకోటి "గొంతులో ఏదో పడింది". నువ్వు పెట్టింది రిపేరు షాపా, ఆసుపత్రా? బాబాయిని అడిగితే, "వాణ్ణే అడుగమ్మా, నాకీమధ్య ఏమీ గుర్తుండటం లేదు" అన్నాడు.

స్కూల్లో లెక్కలు చెప్పే ఆవిడ తన మిషను కోసం ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. ఆవిడదే మెడ నొప్పి. వారంలో చేసిస్తానని మాటిచ్చేశాను. కాబట్టి వెంటనే రాయి. చిన్నపిల్లకి చెప్పినట్టు రాయి. సూదిలో దారం ఎక్కించే చేతులు ఇవి, స్క్రూలు నాకు లెక్క కాదు.

నీ అక్క

*

మార్చి 11

అక్కా,

నీ ఉత్తరం అందింది. చదివి ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది. ఇక్కడ ఉత్తరాలన్నీ ఒక గుమాస్తా చదివే ఇస్తాడు. నీది చదివి, తన ల్యాప్‌టాప్‌కి కూడా జ్వరమే అనుకుంటున్నానని నాతో అన్నాడు. కనక నాకు లోపల కూడా గిరాకీ ఉంది, బెంగపడకు.

ఆ పేర్లన్నీ బాబాయి పెట్టినవి. నేను పని నేర్చుకునేటప్పుడు మిషన్లని మనుషుల్లాగే చూడమనేవాడు. అదే అలవాటైపోయింది.

జ్వరం అంటే వేడెక్కి ఆగిపోవడం. అడుగు మూత విప్పు, ఫ్యానులో దూది లాంటి దుమ్ము ఉంటుంది. ఊదేటప్పుడు ఫ్యాను రెక్క కదలకుండా పుల్లతో ఆపి పట్టుకో, లేకపోతే గిర్రున తిరిగి పాడవుతుంది. మతిమరుపు అంటే ర్యామ్. లైటు వెలిగి, స్క్రీను నల్లగా ఉండిపోతే ముందు దాన్నే అనుమానించు. క్లిప్పులు రెండూ పక్కకి నొక్కితే పైకి లేస్తుంది, పసుపు అంచుని రబ్బరుతో మెల్లిగా రుద్ది మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టు. మెడ నొప్పి అంటే మూత మడత దగ్గర తీగ నలగడం. మూత కొద్దికొద్దిగా కదిపి చూడు. ఒకచోట బొమ్మ వచ్చి ఇంకోచోట పోతోందంటే తీగదే తప్పు. ముందు వేరే స్క్రీను తగిలించి చూసుకో, అందులో బొమ్మ బాగుంటే బోర్డు క్షేమం. గొంతులో పడటం అంటే కీబోర్డు మీద టీనో నీళ్ళో ఒలికాయని.

అసలు ఆన్ కాని మిషను వస్తే ముందు గోడ ప్లగ్గు చూడు. నవ్వకు, సగం కేసులు అక్కడే తేలతాయి. తర్వాత ఇంకో ఛార్జరు. తర్వాత ఛార్జరు పీకి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకో. లోపల నిలిచిన కరెంటు దిగిపోతుంది. హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటుంటే మాత్రం మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడకు, ఉన్నది కూడా పోతుంది.

విప్పిన స్క్రూలు విప్పిన వరసలోనే కాగితం మీద పెట్టుకో. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకి చిల్లు పడుతుంది.

చివరి మాట. బాబాయి చేత ఎవరికీ ఏ మిషనూ ఇప్పించొద్దు. నేను ఇక్కడ ఎందుకున్నానో నీకు వేరే చెప్పాలా? ఒకావిడ మిషను మీద ఇవ్వొద్దని చీటీ అంటించి బ్యాటరీ కొనడానికి వెళ్ళాను. వచ్చేసరికి మిషను లేదు, చీటీ లేదు. షాపులో ఉన్నది ఆయనొక్కడే. నాలుగు రోజులకి అది ఆవిడ పరుపు మీద అంటుకుంది. ఆవిడ చచ్చిపోయింది, అక్కా. కోర్టులో ఆయన "గుర్తు లేదు" అన్నాడు. నేను రాసిన చీటీ సంగతి ఎవరూ నమ్మలేదు. కళ్ళజోడు పెట్టుకోవయ్యా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో ఆయనకే తెలియాలి.

తమ్ముడు

*

మార్చి 20

తమ్ముడూ,

లెక్కల ఆవిడ మెడ నొప్పి తగ్గిపోయింది. తీగ మార్చి మూత ఎత్తగానే బొమ్మ రావడం చూసి నేను ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఫ్యాన్లు రెండు శుభ్రం చేశాను. వాటిలోంచి వచ్చిన దుమ్ముతో దిండు కుట్టొచ్చు.

మతిమరుపు దగ్గర మాత్రం నువ్వు నా కొంప ముంచావు. రబ్బరుతో రుద్దమన్నావు కదా, తెగిన కుట్టుమిషను బెల్టు ముక్కతో శ్రద్ధగా రుద్దాను. పసుపు అంచు నల్లగా తయారైంది. బాబాయి చూసి, మూడు నెలల్లో మొదటిసారి నవ్వి, రబ్బరంటే పెన్సిలు గీతలు చెరిపేదమ్మా అన్నాడు. ఆ మాటేదో ఉత్తరంలో నువ్వే రాసి ఉండొచ్చు. నీకు తెలిసింది ఎదుటివాళ్ళకీ తెలుసనుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ జబ్బు. అదృష్టం బాగుండి మళ్ళీ శుభ్రం చేస్తే పనిచేసింది.

బాబాయి గురించి అంత కటువుగా రాయకు. ఇప్పుడు ఒకటి కాదు, రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుంటున్నాడు, ఒకటి ముక్కు మీద, ఒకటి జేబులో. పని మానేసి కౌంటరు వైపే చూస్తూ కూర్చుంటాడు. నిన్న అడిగాడు, "నేనే ఇచ్చానంటావా అమ్మా?" అని. నాకేం తెలుసు, బాబాయ్, అన్నాను. ఆయన తల పంకించి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంకో మిషను వచ్చింది. ఫొటోలు తీసే ఆయనది. మూత సరిగా పడటం లేదు. వేలితో తడిమే పలక ఉంటుంది చూడు, టచ్‌ప్యాడ్, అది పైకి ఉబికింది, నొక్కితే దిగడం లేదు. అడుగున కూడా కొంచెం ఎత్తుగా ఉంది, బల్ల మీద పెడితే ఊగుతోంది. ఛార్జింగ్ పెట్టి చూద్దామనుకున్నాను, నిన్నడగకుండా ఎందుకని ఆగాను. దీని జబ్బు పేరేంటి?

అక్క

*

మార్చి 29

అక్కా,

ఆ మిషను ఛార్జింగ్ పెట్టకు. పెట్టి ఉంటే ఇప్పుడే పీకేసి రా, ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు.

బ్యాటరీ ఉబ్బింది. లోపల గ్యాసు పుట్టి, సంచీలా లేచి, పైనున్న టచ్‌ప్యాడ్‌ని నెడుతోంది. దాన్ని గుచ్చకూడదు, వంచకూడదు, నొక్కి మూత వెయ్యాలని చూడకూడదు. ఆఫ్ చేసి, అడుగు మూత విప్పి, తీగ ఊడదీసి, ఇనుప ముక్క తగలకుండా ప్లాస్టిక్ పుల్లతో మెల్లిగా లేపు. అతుక్కుపోయి రాకపోతే బలవంతం చేయకుండా బాబాయిని పిలువు, పక్కన నిలబడి చేయించు. వెనక గుమ్మం దగ్గర ఇసక డబ్బా ఉంటుంది, అందులో పెట్టి పాత బ్యాటరీలు తీసుకెళ్ళే వాళ్ళకి కబురు చెయ్యి.

పేరు అడిగావు. రాయాలనిపించక పోయినసారి వదిలేశాను. మేం దీన్ని "కడుపుతో ఉంది" అంటాం. చనిపోయినావిడ మిషను కూడా ఇదే. అక్షరం అక్షరం గుర్తుంది నాకు, చీటీ మీద ఏం రాశానో: "కడుపుతో ఉంది. ఎక్కువసేపు ఉంచొద్దు." ప్లగ్గులో ఎక్కువసేపు ఉంచొద్దని. మూత తెరిచి చూసుకోడానికి రెండు స్క్రూలే బిగించి వెళ్ళాను. షాపులో పనిచేసే మనిషికి ఆ మాట చాలు. బాబాయికి మరీ చాలు, ఆయన పెట్టిన మాటే కదా. చదివి ఉంటే ఇచ్చేవాడు కాదు. చదవలేదు, ఇచ్చేశాడు.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. కొత్త లాయరు వచ్చి వెళ్ళాడు. అప్పీలు విచారణ మే 12న. నేను హెచ్చరించి వెళ్ళాననీ, నా మాట పట్టించుకోకుండా ఇంకొకరు ఇచ్చారనీ తేలితే నేను బయటపడే అవకాశం ఉందట. బాబాయి పేరు చెప్పమన్నాను. ఆయన ఒప్పుకుని సంతకం పెడితే చాలు. నువ్వు మెల్లిగా చెప్పి ఒప్పించు. పెంచిన వాడి మీద ఇలా రాయడం నాకు సరదా అనుకోకు. ఇక్కడ పొద్దున్నే లెక్కపెడతారు, మధ్యాహ్నం లెక్కపెడతారు, సాయంత్రం లెక్కపెడతారు. ఆయన మర్చిపోయినందుకు నేను రోజుకి మూడుసార్లు లేచి నిలబడుతున్నాను.

తమ్ముడు

*

ఏప్రిల్ 9

తమ్ముడూ,

ఫొటోలాయన బ్యాటరీ తీసేశాం. ఇసకలో పెట్టాం. ఏమీ కాలేదు.

నువ్వు ఆ చీటీ ఏ రంగు కాగితం మీద రాశావు? ఎక్కడ అంటించావు? అది బుధవారమేనా?

అక్క

*

ఏప్రిల్ 15

అక్కా,

పదకొండు రోజులు ఎదురుచూస్తే మూడు వాక్యాలూ మూడు ప్రశ్నలూనా? బాబాయి సంగతి ఒక్క ముక్క లేదు. ఆయన్ని అడిగావా, లేదా? లేక ఆయన వైపు తిరిగిపోయావా? నన్నడిగితే తిరిగిపోయావనే అనిపిస్తోంది. ఆయన దగ్గుతాడు, ఆయన చెయ్యి వణుకుతుంది, ఆయన జాలిగా చూస్తాడు. అవన్నీ నీ కళ్ళ ముందుంటాయి. నేను ఉండను.

పచ్చ కాగితం. మూత మీద, సరిగ్గా మధ్యలో. బుధవారం. ఎందుకడుగుతున్నావు? చీటీ దొరికిందా? ఆయన సొరుగులోనా? దొరికితే దాన్ని ఎవరికీ చూపకుండా లాయరుకివ్వు. దాచిపెట్టాడన్నమాట ఇన్నాళ్ళూ. చదివాడు, ఇచ్చాడు, భయపడి దాచాడు. ఒక్క మాట చెప్పి ఉంటే నేను క్షమించేవాణ్ణేమో.

ఇక్కడ ఆఫీసు కంప్యూటర్లు నాచేత చూపిస్తున్నారు. స్క్రూడ్రైవర్ ఇచ్చి, పని అయ్యేదాకా ఒక మనిషి నా చేతి వైపే చూస్తూ నిలబడతాడు. నిన్న ఒక ల్యాప్‌టాప్ వేడెక్కి ప్లాస్టిక్ వాసన వచ్చింది. నేను బయటికి పరిగెత్తాను. పారిపోతున్నాననుకుని పట్టుకున్నారు. ఆవిడకి ఆ వాసన వచ్చి ఉంటుందా, నిద్రలోనే ఉందా అని రోజూ అనుకుంటాను. మధ్యాహ్నం పడుకుందట, చుట్టుపక్కల వాళ్ళు కోర్టులో చెప్పారు.

వెంటనే రాయి.

తమ్ముడు

*

ఏప్రిల్ 24

తమ్ముడూ,

చీటీ దొరకలేదు. దొరకదు. దాన్ని చించి చెత్తబుట్టలో వేసింది నేను.

ఇక్కడిదాకా రాసి రెండు కాగితాలు చించేశాను. ఇది మూడోది, చింపను.

ఆ బుధవారం మీకు క్యారేజీ పట్టుకుని షాపుకి వచ్చాను. నువ్వు లేవు. బాబాయి వెనక గదిలో వేడిగాలి గన్ను పట్టుకుని ఉన్నాడు. దాని మోతలో నన్ను చూసి, కాసేపు ముందు కూర్చోమని చేత్తో సైగ చేశాడు. అరగంట కూర్చున్నాను. ఆ అరగంట ఆయనకి గుర్తు లేదు. నాకు గుర్తుంది గానీ అది పెద్ద విషయమని నాకెప్పుడూ అనిపించలేదు.

ఒకావిడ టోకెను పట్టుకుని వచ్చింది. ఆ నంబరు మిషను ర్యాకులో ముందే ఉంది. మూత మీద పచ్చ చీటీ. "కడుపుతో ఉంది. ఎక్కువసేపు ఉంచొద్దు." నేను ఆవిడ వైపు చూశాను. కొంచెం ఒళ్ళు చేసిన మనిషి, వదులు బట్టలు, మెట్లెక్కి ఆయాసపడుతోంది. గర్భిణి వస్తుంది, నిలబెట్టకుండా పంపెయ్యమని నువ్వు రాసి వెళ్ళావనుకున్నాను. ఉన్నారు అనకుండా ఉంది అని రాశాడు, వీడికి మర్యాద ఎప్పుడొస్తుందో అని కూడా అనుకున్నాను. మన భాషలో ఆడమనిషికీ వస్తువుకీ అదే "ఉంది" కదా, తమ్ముడూ. ఆ చీటీ ఆవిడ కంట పడితే బాగుండదని గబుక్కున పీకి, నలిపి, బుట్టలో పడేశాను. మిషను చేతికిచ్చాను. ఆవిడతో ఏం మాట్లాడానో ఇప్పుడు రాయలేను, చెయ్యి రావడం లేదు.

తర్వాత పేపర్లో చదివాను, చనిపోయినావిడ పెళ్ళి కానిదనీ, ఒంటరిగా ఉండేదనీ, పుస్తకాలు అనువాదం చేసేదనీ. నేను ఇచ్చింది గర్భిణికి. కాబట్టి ఆవిడ వేరు, ఈవిడ వేరు అనుకున్నాను. కోర్టులో కూర్చుని బాబాయి తడబడుతుంటే, ఈయన ఇలా చేశాడేంట్రా అని నేను కూడా అనుకున్నాను. నీ ఉత్తరంలో ఆ రెండు వాక్యాలు చదివేదాకా అదే అనుకున్నాను.

పదిహేను రోజులు నీకు రాయకుండా ఎందుకున్నానో కూడా చెబుతాను. భయం. నేనే చెప్పకపోతే ఎవరికీ తెలీదు కదా అన్న ఆలోచన వచ్చింది. వచ్చింది, పోలేదు, రోజూ వచ్చింది. నా గురించి నాకు ఇంత చెడ్డ సంగతి ఇంతకుముందు తెలీదు.

ఇప్పుడు బాబాయి పేరు తీసెయ్యమని లాయరుతో చెప్పు. మే 12న నేను వెళ్ళి చెబుతాను.

అక్క

*

ఏప్రిల్ 30

అక్కా,

గుమాస్తా నీ ఉత్తరం చదివే నాకిచ్చాడు. ఈసారి మడత సరిగ్గా పెట్టి ఇచ్చాడు.

నువ్వు ఎక్కడికీ వెళ్ళొద్దు. నోరు మెదపొద్దు. లాయరు నిన్ననే వచ్చాడు. బాబాయి తనంతట తనే ఆయన ఆఫీసుకి వెళ్ళి, నేనే ఇచ్చానని సంతకం పెట్టేశాడట. నువ్వు ఒప్పించావనుకుని సంతోషించాను కూడా, ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది.

నా మాట విను. ఆయనకి డెబ్బై రెండేళ్ళు. లోపల వెయ్యరు, వేసినా ఎక్కువ రోజులు ఉంచరు. ఆయనే ఇచ్చానంటున్నాడు కదా, అననీ. ఇది రాస్తుంటే నాకు అసహ్యంగానే ఉంది, అయినా రాస్తున్నాను. అమ్మ పోయాక నాకు జడ వేసి మొహం తుడిచింది నువ్వు, స్కూలు ఫారాల మీద సంతకం పెట్టింది నువ్వు. నిన్ను ఇక్కడ వరసలో నిలబెట్టి లెక్కపెడుతుంటే నేను బయట కూర్చుని స్క్రూలు తిప్పుకోవాలా?

పైగా తప్పు నాది. బ్యాటరీ అని రాయలేదు నేను. మూడక్షరాలు. నాకు తెలిసింది ఎదుటివాళ్ళకీ తెలుసనుకోవడం జబ్బని నువ్వే కదా రాశావు.

నువ్వు చెప్పినా ఎవరూ నమ్మరు. తమ్ముణ్ణీ బాబాయినీ కాపాడుకోడానికి కథ అల్లిందంటారు. చీటీ ఏదీ అంటారు. ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని చూసి గర్భిణి అని ఎలా తేల్చావంటారు. చిన్న అనుమానం కూడా రాలేదా అంటారు. ఏం చెబుతావు?

షాపు మూసెయ్యి. ఇంట్లో కుట్టుకో.

తమ్ముడు

*

మే 6

తమ్ముడూ,

నీకు జడ ఎప్పుడూ వెయ్యలేదు, తల దువ్వాను. కంగారులో ఏదో రాసేశావు.

బాబాయికి నిజం చెప్పాను. ఎదురుగా కూర్చోబెట్టి, చీటీ, పచ్చ కాగితం, క్యారేజీ, అన్నీ చెప్పాను. ఆయన నమ్మలేదు. "నన్ను తప్పించడానికి నువ్వు మీద వేసుకుంటున్నావు. నాకు ఇప్పుడన్నీ గుర్తొస్తున్నాయమ్మా" అన్నాడు. ఆవిడ సన్నగా ఉందట, నీలం బట్టలు వేసుకుందట, గొడుగు పట్టుకుని వచ్చిందట. ఒక్కటీ నిజం కాదు. ఎవరో చేసి ఉండాలి కాబట్టి తనే చేశానని నమ్మి, ఒక్కో ముక్కా పోగు చేసుకుని గుర్తు తయారు చేసుకున్నాడు. రోజూ ఇంకొంచెం కలుపుతున్నాడు. ఇలాగే వదిలేస్తే ఆ నీలం బట్టలతోనే పోతాడు.

నువ్వు అననీ అన్నావు. నేను అననివ్వను. నీ మీద కోపం లేదు. నేనూ పదిహేను రోజులు అదే అనుకున్నదాన్ని.

అక్క

*

మే 14

తమ్ముడూ,

ముందు నీకు కావలసిన కబురు. నీ విచారణ జూన్‌కి వాయిదా పడింది. బయటికి వస్తావని లాయరు గట్టిగా చెబుతున్నాడు. బాబాయి కాగితాన్ని జడ్జిగారు పక్కన పెట్టేశారు. నా వాంగ్మూలం రాసుకున్నారు, సోమవారం స్టేషనుకి రమ్మన్నారు, అక్కణ్ణించి ఏమవుతుందో లాయరుకీ తెలీదు. షాపు తాళాలు బాబాయికిచ్చాను. మిగిలిన మిషన్ల చీటీలు మార్చి రాశాను: ఫ్యాను, ర్యామ్, తీగ, కీబోర్డు. ఇప్పుడు ఎవరు చదివినా అర్థమవుతాయి.

నువ్వు ఊహించినట్టే అయింది. నేను చెబుతుంటే అవతలి లాయరు నవ్వాడు. కుటుంబం అంతా వరసగా వచ్చి నేనంటే నేనంటున్నారని జడ్జిగారితో అన్నాడు. చీటీ ఏదన్నాడు. చించేశానన్నాను. అచ్చం నువ్వు రాసిన మాటే అడిగాడు, దారినపోయే ఆడమనిషిని చూడగానే గర్భిణి అని తేల్చేశారా, అనుమానమే రాలేదా అని.

నీకు రాయలేకపోయిన మాట అక్కడ చెప్పాను. అనుమానం రాకేం, అందుకే ఆవిడనే అడిగాను. ఎన్నో నెలండీ అన్నాను. ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత నవ్వి, "ఐదో నెల" అంది. జాగ్రత్తగా దిగండి అని చెయ్యి పట్టుకుని మెట్లు కూడా దింపాను.

అవతలి లాయరు, ఆవిడకి పెళ్ళే కాలేదు, కడుపుతో లేదని డాక్టర్లు కూడా రాశారు, ఇదంతా కట్టుకథ అన్నాడు. అప్పుడు వెనక బల్ల మీంచి ఒక పెద్దావిడ లేచింది. నీ మొదటి విచారణలో కూడా అక్కడే కూర్చునేది, ఎప్పుడూ మాట్లాడలేదు. చనిపోయినావిడ అమ్మ. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ బుధవారం సాయంత్రం తన కూతురు ఫోన్ చేసిందని చెప్పింది. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను, మూత ఇంకా సరిగా పడటం లేదు, పని అయ్యాక సోమవారం మళ్ళీ తీసుకెళ్తానందట. ఆ తర్వాత నవ్విందట.

ఆవిడ చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "షాపులో ఒకావిడ నన్ను ఎన్నో నెల అని అడిగిందమ్మా. కాదంటే పాపం ఆవిడ సిగ్గుతో చచ్చిపోతుంది. అందుకని ఐదో నెల అని చెప్పి వచ్చేశాను, అంది."

ఆ తల్లి నా వైపు తిరిగి, "నువ్వేనా అమ్మా?" అని అడిగింది.

నేనేనండీ అన్నాను.

అక్క